ఏసీ లేని ఇంట్లో ఉండే పెద్దవాళ్లను ఈ ఎండల్లో ఎలా కాపాడుకోవాలి?

అమ్మానాన్నలు నరసరావుపేటలో పై అంతస్తులో ఇద్దరే ఉంటారు, ఏసీ వద్దంటారు, ఎండలోకి ఎలాగూ వెళ్లరు కాబట్టి ఇంట్లో ఉంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. మాది పిడుగురాళ్ల. మా నాయనమ్మకి వడదెబ్బ తగిలింది ఇంట్లోనే, ఆ రోజు ఆవిడ గుమ్మం కూడా దాటలేదు. శ్లాబు పగలంతా కాగి, అర్ధరాత్రి దాటినా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. రాత్రి కూడా ఒళ్లు చల్లబడకపోతే మర్నాటికి మనిషి ఇంకా నీరసపడిపోతారు. 2015 మే ఎండలకి మన రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ముందు డాబా మీద సున్నం వేయించండి. మా ఊరి చుట్టూ సున్నం బట్టీలే కాబట్టి మాకిది అలవాటు, రెండు పూతలు వేస్తే గదిలో తేడా బాగా తెలుస్తుంది. పొద్దున్నే ఎండ ముదరకముందే కిటికీలు మూసి పరదాలు దించేయాలి, రాత్రి బయట చల్లబడ్డాక అన్నీ తీసేయాలి. కింది వాటా వాళ్లతో మాటామంతీ ఉంటే మధ్యాహ్నాలు అక్కడ గడపమనండి, మొహమాటపడే సమయం కాదిది. గదిలో నలభై డిగ్రీలు దాటాక ఉత్త ఫ్యాన్ వేడి గాలినే ఒంటికి కొడుతుంది, తడి తువ్వాలు కప్పుకుని దాని కింద కూర్చుంటేనే ఉపయోగం. కూలర్ మన పల్నాడు పొడి ఎండకి బాగా పనిచేస్తుంది, కానీ కిటికీ కాస్త తీసి ఉంచాలి, లేకపోతే గదంతా ఉక్క. (మచిలీపట్నం వైపు గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి కూలర్‌తో పెద్ద లాభం ఉండదు.)

నీళ్ల సంగతి. వయసు మీదపడ్డాక దాహం సరిగ్గా తెలియదు, అందుకే దాహం వేసినా వేయకపోయినా గంటకోసారి కొంచెం కొంచెంగా తాగాలి, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, సబ్జా నీళ్లు, రాగి అంబలి ఏదైనా సరే. ఫోన్‌లో "నీళ్లు తాగుతున్నారా" అంటే "ఆఁ తాగుతున్నాం" అనేస్తారు, నేనైతే మా అమ్మని ఒంటికి ఎన్నిసార్లు వెళ్లావు, ఏ రంగులో వస్తోంది అనే అడుగుతాను. ముదురు పసుపు అంటే నీళ్లు చాలడం లేదన్నమాట. బీపీకో గుండెకో నీరు పోయే మాత్రలు వాడుతుంటే మాత్రం ఎంత తాగాలో, ఉప్పు ఎంతవరకు పర్వాలేదో, మాత్రలు ఏమైనా మార్చాలో ఇప్పుడే డాక్టర్‌ని అడగండి, మీ అంతట మీరు ఆపేయొద్దు.

అన్నిటికంటే ముఖ్యంగా, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే క్షణం ఆగొద్దు. నాయనమ్మ ఆ సాయంత్రం ఎప్పుడో పోయిన తాతయ్యకి అన్నం పెట్టమని అడగడం మొదలుపెట్టింది, ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. ఇలాంటప్పుడు చాలామంది జ్వరం అనుకుని పారాసిటమాల్ వేస్తారు, వడదెబ్బకి అది పనిచేయదు. పక్కింట్లో ఉండే నర్సు పరుగున వచ్చి చీర మీదే బిందెలకొద్దీ నీళ్లు పోయించింది, ఫ్యాన్ కింద పడుకోబెట్టి చంకల్లో, మెడ దగ్గర, గజ్జల్లో ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టించింది, 108 వచ్చేదాకా అది ఆపనివ్వలేదు. అందుకే దక్కింది ఆవిడ. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మీరు దూరంగా ఉన్నారు కాబట్టి పక్కింటి వాళ్ల నంబరు తీసుకోండి, ఒక తాళం చెవి వాళ్ల దగ్గర ఉంచండి. రోజూ మధ్యాహ్నం, మళ్లీ సాయంత్రం ఫోన్ చేయండి, ఎత్తకపోతే వెంటనే వాళ్లని పంపించండి. సున్నం పని మాత్రం ఈ వారంలోనే, పొద్దున్నే చేయించేయండి, రోహిణి కార్తె వచ్చాక ఆ డాబా ఎక్కి పనిచేసే మనిషికీ ప్రమాదమే.