న్యూరెంబర్గ్ నడక గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

జర్మనీలోని న్యూరెంబర్గ్ పాత పట్టణంలోనూ అక్కడి క్రిస్మస్ సంతలోనూ గైడు వెంట నడిచి వచ్చి నువ్వు రాసిన వ్యాసం అందింది. తీరికగా కూర్చుని చదివాను. ఆ పక్క ఊరు ఎర్లాంగెన్‌లో చదువుకుంటూ, పరీక్షల ఒత్తిడి మధ్య, తెలుగులో ఇంత ఓపికగా రాసినందుకు చాలా సంతోషం కలిగింది. నీ వాక్యం శుభ్రంగా ఉంది, నీకు చూసే కన్ను ఉంది. అయినా వ్యాసాన్ని ఇప్పుడున్న రూపంలో ఏ పత్రికకూ పంపవద్దని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ వ్యాసంలో నాకు రెండు న్యూరెంబర్గ్‌లు కనిపించాయి. ఒకటి దీపాలు, పాటలు, దాల్చినచెక్క వాసన, ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పిన కొయ్య దుకాణాలు ఉన్న ఊరు. రెండోది గైడు చెప్పిన సంవత్సరాలు, చక్రవర్తులు, చర్చిల పేర్లు వరుస కట్టిన ఊరు. మొదటిది వర్ణనగా సాగింది, రెండోది సమాచారంగా మిగిలిపోయింది. ఈ రెండూ ఎక్కడా ఒకే పేరాలో ఎదురుపడలేదు. నా అభ్యంతరమంతా ఇదే. ఆ ఊరి అందం ఎలా వచ్చిందో చెప్పకుండా ఆ అందాన్ని చెప్పడం కుదరదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకం నీకూ కలగాలనే ఇంత పొడుగు ఉత్తరం.

సంత జరిగే హాప్ట్‌మార్క్ట్ చౌకునే తీసుకో. దాన్ని నువ్వు "పురాతనమైన, విశాలమైన చౌకు" అని ఒక్క మాటలో దాటేశావు. ఆ స్థలంలో 14వ శతాబ్దం నడిమి వరకు యూదుల పేట ఉండేది. ఆ ఇళ్ళను పడగొట్టి అక్కడ అంగడి చౌకు చేసుకోవడానికి నాలుగవ చార్లెస్ చక్రవర్తి 1349 నవంబరులో నగర పాలకులకు అనుమతి ఇచ్చాడు. డిసెంబరు 5న జరిగిన ఊచకోతలో 562 మంది యూదులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళ ప్రార్థనామందిరం ఉన్న చోటనే 1352కూ 1362కూ మధ్య ఫ్రావెన్‌కిర్షె చర్చి లేచింది. క్రిస్మస్ సంత ఏటా అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారానికి ముందు వచ్చే శుక్రవారం మొదలై డిసెంబరు 24న ముగుస్తుంది కాబట్టి, డిసెంబరు 5 ఏ ఏడాదైనా సంత రోజుల్లోనే పడుతుంది. గైడు ఈ సంగతి చెప్పిందని నీ వ్యాసమే చెబుతోంది. కాని దాన్ని నువ్వు నాలుగో పేజీలో, ఫౌంటెన్ కటకటాలకున్న ఉంగరాన్ని తిప్పితే కోరికలు తీరతాయన్న కథ తరువాత, పొడిగా ఒక వాక్యంలో పెట్టి ముందుకు వెళ్ళిపోయావు.

ఇలాంటి విషయాన్ని రాసేటప్పుడు పాఠకుడి చేత కన్నీళ్ళు పెట్టించాలని ప్రయత్నించకు, నీ ఆవేదనను విశేషణాలతో నింపకు. దాని చోటు దానికి ఇవ్వు, చాలు. మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి ఆ చర్చి ముందు జనం తలలెత్తి నిలబడతారు. ముఖద్వారం పైనున్న గడియారంలో చక్రవర్తి కొలువుదీరి ఉంటే, ఏడుగురు ఎలెక్టర్లు, అంటే చక్రవర్తిని ఎన్నుకునే ప్రభువులు, బయటికి వచ్చి ఆయన చుట్టూ ముమ్మారు తిరిగి లోపలికి వెళతారు. 1509 నాటి ఏర్పాటు అది. తండ్రుల భుజాల మీద కూర్చున్న పిల్లలు వేళ్ళు చూపించి లెక్కపెడుతుంటారు. ఆ కొలువుదీరిన చక్రవర్తి నాలుగవ చార్లెసే. చౌకుకు అనుమతి ఇచ్చినవాడూ, చర్చి కట్టించినవాడూ, పిల్లలు ముచ్చటపడి చూస్తున్న బొమ్మా ఒక్కరే అయినప్పుడు, నువ్వు వ్యాఖ్యానం చెయ్యనక్కరలేదు. ఆ మూడింటినీ ఒకే పేరాలో, పిల్లల సంతోషాన్ని తక్కువ చెయ్యకుండా రాస్తే పాఠకుడు తనంతట తానే ఆగిపోతాడు. పిల్లల సంతోషం నిజమైనది, దానిని నేరంగా చూపించే హక్కు మనకు లేదు.

ఇక "ఆరువందల ఏళ్ళుగా చెక్కుచెదరని మధ్యయుగపు వీధులు" అన్న నీ మాట. దీన్ని తప్పనిసరిగా తీసెయ్యాలి. 1945 జనవరి 2 రాత్రి బ్రిటిష్ విమానాలు వేసిన బాంబులకు ఈ పాత పట్టణంలో దాదాపు తొంభై శాతం నాశనమైంది, సుమారు 1,800 మంది చనిపోయారు. ఫ్రావెన్‌కిర్షెకు చివరికి గోడలు మాత్రమే మిగిలాయి. నువ్వు నడిచిన వీధుల్లో చాలా భాగం యుద్ధం తరువాత తిరిగి కట్టినవి. పాత వీధుల గీతను, ఏటవాలు కప్పులను, ఇసుకరాతిని వీలైనంతవరకు నిలుపుకుంటూనే 1950లలో సాదా ఇళ్ళు కట్టుకున్నారు. హాప్ట్‌మార్క్ట్‌లో నువ్వు ఫోటో తీసుకున్న షోనర్ బ్రున్నెన్ ఫౌంటెన్ కూడా, యుద్ధానికి చాలా ముందే, 20వ శతాబ్దం మొదట్లో నిలిపిన ప్రతిరూపం. 14వ శతాబ్దపు అసలు శిల్పాల శకలాలు జర్మన్ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

ఇవి తెలిసిన తరువాత కొందరు యాత్రా రచయితలు అదంతా నకలు ఊరని తేల్చేస్తారు. ఆ తీర్పు నాకు సమ్మతం కాదు. కాలి కూలిపోయిన ఊరిని దాని పాత ఆకారంలోనే మళ్ళీ నిలబెట్టుకోవాలని ఒక తరం తీసుకున్న నిర్ణయం కూడా చరిత్రే. మధ్యయుగపు తాపీ పనివాళ్ళ శ్రమకు ఎంత గౌరవం ఇస్తామో దానికీ అంతే ఇవ్వాలి. అయితే ఏది పాతదో ఏది కొత్తదో నీ కంటితో చూసి చెప్పు. నేను అక్కడికి వెళ్ళినప్పుడు చర్చి గోడల దగ్గర చాలాసేపు గడిపాను. పాత ఇసుకరాతి దిమ్మెలలో కొన్నింటికి మధ్యన వేలిముద్ర పట్టేంత చిన్న గుంట ఉంటుంది. రాయిని పైకి లాగేటప్పుడు ఇనుప పట్టకారు కొన దిగిన చోటు అది. వానకు, పొగకు నల్లబడిన రాయి పక్కనే లేత రంగు రాయి ఉంటుంది, దాని అంచు ఇంకా పదునుగా తగులుతుంది. చేతి తొడుగు తీసి ఆ రెండు రాళ్ళనూ తడిమి చూడు. నీ వ్యాసంలో 1945 సంవత్సరం అక్కడ, ఆ రెండు రాళ్ళ నడుమ రావాలి. గైడు చెప్పిన సంవత్సరాల పట్టికలో వస్తే అది ఎవరి మనసుకూ తగలదు.

గైడు గురించి. నీ వ్యాసంలో ఆవిడ కేవలం గొంతుగా మిగిలింది. "గైడు చెప్పింది" అన్న మాట పేజీకి నాలుగైదు చోట్ల ఉంది. గైడు చెప్పినదంతా రాయడం రచయిత పని కాదు, ఆ పని కరపత్రాలు చేస్తాయి. ఆవిడ ఎక్కడ వేగంగా మాట్లాడింది, ఎక్కడ మాట తగ్గించింది, ఎవరి ప్రశ్నకు జవాబు చెప్పకుండా నడక సాగించింది అన్నవి రాయి. నడిచే దారికి కూడా తనదైన వాదన ఉంటుంది. కోట మీద మొదలుపెట్టి, 1509 నుంచి 1528లో మరణించేవరకు చిత్రకారుడు ఆల్‌బ్రెష్ట్ డ్యూరర్ నివసించిన ఇంటి మీదుగా కిందికి దిగి, దీపాలు వెలిగే వేళకు సంతలోకి తీసుకువస్తే, వినేవాళ్ళకు ఊరు ఒక విధంగా అర్థమవుతుంది. సంతలో మొదలుపెట్టి, బాంబుల వేళ జనం తలదాచుకున్న కోట గుట్ట కింది రాతి నేలమాళిగల్లో ముగిస్తే, అదే ఊరు ఇంకొక విధంగా అర్థమవుతుంది. ఆవిడ ఆ వరుసను ఎందుకు ఎంచుకుందో అడిగావా? అడగకపోతే ఈసారి అడుగు. అనుభవమున్న గైడు ఈ ప్రశ్నకు చెప్పే జవాబు, ఆ రోజు చెప్పిన మిగతా మాటలన్నింటికంటే నీకు ఎక్కువగా పనికివస్తుంది.

వాసనల పేరా నాకు నచ్చింది, కాని అది ఇంకా పెరగాలి. లేబ్‌కూహెన్ అనే మసాలా బిళ్ళ తిన్నానని, ఏలకుల రుచికి ఇల్లు గుర్తుకొచ్చిందని రాశావు. ఇల్లు గుర్తుకురావడం దగ్గర ఆగిపోకు. న్యూరెంబర్గ్ చుట్టూ ఉన్న అడవుల్లో తేనె పుష్కలంగా దొరికేది. ఊరు వెనిస్ నుంచి ఆల్ప్స్ దాటి వచ్చే వర్తక మార్గాల కూడలిలో ఉంది. ఆ తేనె, ఆ మార్గాల్లో వచ్చిన మిరియాలు, అల్లం, ఏలకులు, లవంగాలు కలిసి ఈ తినుబండారాన్ని ఆ ఊరికి పేరు తెచ్చే సరుకుగా మార్చాయి. ఇందులో ఎలిసెన్ అనే మేలు రకానికి కనీసం పాతిక శాతం బాదం, హేజెల్, అక్రోటు వంటి పప్పులు ఉండాలని, పిండి పది శాతం మించకూడదని నేటికీ నియమం ఉంది. ఆ మిరియాలూ ఏలకులూ మన పడమటి కనుమల నుంచి వెళ్ళినవి. అంతేకాదు, 1505లో ఫ్రాన్సిస్కో ద అల్మేడా నాయకత్వంలో పోర్చుగీసు నౌకలు మలబారు తీరానికి బయలుదేరినప్పుడు, ఆ యాత్రలో ఔగ్స్‌బర్గ్ వర్తకులతో పాటు న్యూరెంబర్గ్‌కు చెందిన ఇమ్‌హోఫ్, హిర్ష్‌ఫోగెల్ కుటుంబాల పెట్టుబడి కూడా ఉంది. నువ్వు చలిలో కొరికిన ఆ బిళ్ళకూ మన తీరాలకూ ఉన్న సంబంధం ఇంత గట్టిది, ఇంత పాతది. ఇది దొరికాక, ఆ కోటను గోల్కొండతోను, ఆ చౌకును చార్మినారు చుట్టుపక్కలతోను పోల్చిన నీ రెండు పేరాలు అవసరం లేదు. అవి రెండు ఊళ్ళనూ చూపించవు.

మనతో నిజమైన సంబంధం మరొకటి ఉంది, దాన్ని నువ్వు అసలు తాకనే లేదు. సంతను ప్రారంభించే క్రిస్ట్‌కిండ్ (బాల ఏసు పేరుతో వచ్చే, దేవదూతలాంటి వేషం) పాత్రకు 1969 నుంచి రెండేళ్ళకు ఒకసారి ఆ ఊరి అమ్మాయిని ఎన్నుకుంటున్నారు. పదహారు నుంచి పందొమ్మిదేళ్ళ వయసు ఉండాలి, చర్చి పై వరండాలో నిలబడి మాట్లాడాలి కాబట్టి ఎత్తు చూస్తే కళ్ళు తిరిగే స్వభావం ఉండకూడదు. 2019లో ఎన్నికైన అమ్మాయి తండ్రి భారతదేశంలో పుట్టినవాడు. ఆమె రూపాన్ని ఎత్తి చూపుతూ ఒక రాజకీయ పక్షపు స్థానిక శాఖ అవమానకరంగా రాసినప్పుడు, ఊరి జనం, ఇతర పక్షాల నాయకులు ఆమె పక్షాన నిలిచారు. ఆ రాతను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆమె బంగారు కిరీటం పెట్టుకుని అదే వరండా మీద నిలబడి సంతను ప్రారంభించింది. 1933లో నాజీలు ఇదే సంతను ఇదే చౌకుకు తెచ్చి తమ ప్రచారానికి వాడుకున్నారని, చౌకుకు హిట్లర్ పేరు పెట్టారని తెలిసినవారికి, ఈ ఘటన బరువు వేరే చెప్పనక్కరలేదు. ఇది రాయడానికి నీకంటే తగినవాళ్ళు ఎవరు? నువ్వు అదే గుంపులో, అదే చర్మపు రంగుతో, అదే వరండాకేసి చూస్తూ నిలబడ్డావు. ఆ క్షణంలో నీకేమనిపించిందో రాయి, గొప్పగా ఏమీ అనిపించకపోతే అదీ రాయి.

చిన్న సంగతులు కొన్ని. మొదటి పేజీలో హిమపాతం ఉంది, రెండో పేజీలో రాళ్ళు పొడిగా ఉన్నాయి. ఆ రోజు నిజంగా హిమం కురిసి ఉంటేనే కురిపించు. న్యూరెంబర్గ్ డిసెంబరులో చాలా రోజులు మబ్బు, తడి, చలిగాలి మాత్రమే ఉంటాయి. సాయంత్రం నాలుగుంపావుకల్లా పొద్దు కుంకే ఆ మసక చాలు నీకు. "అద్భుతం", "మంత్రముగ్ధం", "కలల లోకం" అన్న మాటలు ఎక్కడున్నా కొట్టెయ్యి. వాటికి బదులు చేతికి దొరికే వస్తువులు పెట్టు. గ్ల్యూవైన్ అనే వేడి మసాలా వైన్ కప్పుకు ముందుగా కట్టి తరువాత తిరిగి తీసుకునే డిపాజిట్టు, వేలెడంత సాసేజీలు మూడింటిని ఇరికించిన బన్ను, ఎండు ప్లమ్ పళ్ళతో చేసి గుడ్డలు తొడిగిన మనిషి బొమ్మలు. "శతాబ్దాల ఘన చరిత్ర గల సంత" అని రాసిన చోట, జాతీయ మ్యూజియంలో ఉన్న కొయ్య పెట్టెను చూసి వచ్చి రాయి. 1628 నాటి ఆ పెట్టె మీద, అది ఈ సంత సందర్భంగా పంపిన కానుక అని రాసి ఉంది. సంత ఉందనడానికి దొరికిన తొలి ఆధారం అదే. రాజుల శాసనం ఏదో కాకుండా ఒకరు ఇంకొకరికి పంపిన కానుక ఆధారం కావడం నాకు చాలా ఇష్టమైన విషయం, నీకూ నచ్చుతుందనుకుంటాను.

సంత ముగియడానికి ఇంకా కొన్ని రోజులు ఉన్నాయి కదా. ఎర్లాంగెన్ నుంచి రైలులో ఎంతో దూరం లేదు. ఈసారి గైడు లేకుండా, స్నేహితులు లేకుండా, పనిదినం చూసుకుని ఒక్కదానివే వెళ్ళు. పదకొండున్నరకు ఫ్రావెన్‌కిర్షె ముందు నిలబడు, పన్నెండు కొట్టేవరకు కదలకు. ఫోను సంచిలోనే ఉంచి, చూసినది చూసినట్టు నోటుపుస్తకంలో రాసుకో. వ్యాసాన్ని కోటతో కాకుండా ఆ అరగంటతో మొదలుపెట్టు. ఎనిమిది పేజీలు ఐదుకు తగ్గినా బెంగపడకు. తిరగరాసిన ప్రతితో పాటు పాతదాన్ని కూడా జతచేసి పంపు, ఏ వాక్యాలు తీసేశావో, ఏవి వదులుకోలేకపోయావో చూసి వివరంగా జవాబు రాస్తాను. చలికి జాగ్రత్త.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి