మ్యాక్‌బుక్‌తో డ్రోన్ బోర్డు సెట్ చేసుకోవచ్చా, విండోస్ ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఈసీఈ సెకండ్ ఇయర్ చదువుతున్నాను. డ్రోన్ల రంగంలో ఉద్యోగం చేయాలని కోరిక. డబ్బు దాచుకుని ఎఫ్405 ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ని నడిపే బోర్డు) కొన్నాను. అమెరికా నుంచి వచ్చినప్పుడు బాబాయి ఇచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌కి కలిపితే బోర్డు మీద లైటు వెలుగుతుంది గానీ, బోర్డు సెట్ చేసే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌లో పోర్టు కనిపించదు. మ్యాక్‌తో ఈ పని అవ్వదు, విండోస్ ల్యాప్‌టాప్ కొనమని సీనియర్లు అంటున్నారు. నాన్న రొయ్యల చెరువు చేస్తారు, ఈ ఏడాది నష్టం వచ్చింది. అయినా అప్పు చేసి కొంటానంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు నాన్నగారికి చెప్పు, అప్పు చేయొద్దని. నీ దగ్గరున్న మ్యాక్‌బుక్ ఈ పనికి సరిపోతుంది.

సీనియర్లు అలా అనడానికి కారణం ఉంది. ఆర్డుపైలట్ అనే ఇంకో డ్రోన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లు ఎక్కువగా వాడే మిషన్ ప్లానర్ ప్రధానంగా విండోస్ కోసం తయారైంది. నువ్వు వాడుతున్నది బీటాఫ్లైట్. దాని కాన్ఫిగరేటర్, అంటే సెట్టింగులు మార్చే యాప్, ఇప్పుడు బ్రౌజర్‌లోనే నడుస్తుంది. కాకపోతే సఫారీలో తెరిస్తే పోర్టు దొరకదు, క్రోమ్‌లో తెరవాలి. ఎఫ్405 అంటే ఎస్‌టీఎమ్32 చిప్ కాబట్టి మ్యాక్‌లో విడిగా డ్రైవర్ కూడా వేయక్కర్లేదు. ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఎక్కించేటప్పుడు డ్రైవర్ల తలనొప్పి ఎక్కువగా విండోస్ వాళ్లకే.

లైటు వెలుగుతోందని రాశావు చూడు, అది చాలా పనికొచ్చే మాట. కొన్ని బోర్డుల్లో టైప్ సీ పోర్టు దగ్గర ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు పెట్టరు. అలాంటి బోర్డుకి రెండు కొసలా టైప్ సీ ఉన్న కేబుల్ పెడితే మ్యాక్ అసలు కరెంటే ఇవ్వదు. నీ బోర్డుకి కరెంటు వస్తోంది, కాబట్టి అది కాదు. డేటా రావడం లేదంతే.

నా అనుమానం మొదట కేబుల్ మీదే. పోయినేడు ఒకబ్బాయి బోర్డు పాడైందని తీర్మానించుకుని, రెండోది ఆర్డర్ పెట్టేసి మరీ నా దగ్గరికొచ్చాడు. అతను వాడుతున్నది ఇయర్‌ఫోన్స్ డబ్బాలో వచ్చిన కేబుల్. అందులో కరెంటు తీగలే ఉన్నాయి, డేటా తీగలు లేవు. నా ఫోన్ కేబుల్ పెట్టగానే పోర్టు వచ్చింది. నువ్వు కూడా ఫోన్ నుంచి కంప్యూటర్‌లోకి ఫొటోలు ఎక్కించడానికి పనికొచ్చే కేబుల్ తీసుకో. కీబోర్డు మీద ఆప్షన్ కీ నొక్కి ఉంచి, పైన యాపిల్ గుర్తు మీద క్లిక్ చేస్తే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ వస్తుంది. అందులో యూఎస్‌బీ జాబితా చూడు. బోర్డు తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి రిఫ్రెష్ చెయ్యి. కొత్త వరుస ఒకటి చేరిందంటే కేబుల్, బోర్డు రెండూ బాగున్నట్టే, ఇక వెతకాల్సింది బ్రౌజర్ దగ్గర. చేరకపోతే ఇంకో కేబుల్. యాపిల్ సొంత చిప్ ఉన్న కొత్త మ్యాక్‌బుక్ అయితే, బోర్డు పెట్టగానే ఈ పరికరాన్ని అనుమతించాలా అని అడగవచ్చు. తొందరలో వద్దని నొక్కేసినా లైటు వెలుగుతుంది, పోర్టు మాత్రం రాదు. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో అదీ చూసుకో.

అప్పటికీ రాకపోతే బోర్డు మీది బూట్ బటన్ నొక్కిపట్టి కేబుల్ పెట్టు. జాబితాలో బూట్‌లోడర్ అనో డీఎఫ్‌యూ అనో కనిపిస్తే చిప్ బతికే ఉంది, ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించుకోవచ్చు. కనెక్ట్ అయ్యాక మాత్రం దేన్నీ ముట్టుకోకముందే కమాండ్లు టైప్ చేసే సీఎల్ఐ ట్యాబ్‌లో డిఫ్ ఆల్ (diff all) కమాండ్ కొట్టి, వచ్చిన సెట్టింగులన్నీ ఫైల్‌గా దాచుకో. ఫర్మ్‌వేర్ మార్చాలనుకుంటే బోర్డు టార్గెట్ పేరు (ఆ బోర్డు రకానికి ఫర్మ్‌వేర్‌లో ఉండే పేరు) అక్షరం తప్పకుండా సరిచూసుకో.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. టేబుల్ మీద మోటార్లు తిప్పి చూసేటప్పుడు రెక్కలు ఊడదీసే బ్యాటరీ పెట్టాలి. తొందరపడి వేళ్లు కోసుకున్న పిల్లల్ని చూశాను. ల్యాప్‌టాప్‌కి పెట్టాలనుకున్న డబ్బులో చిన్న ముక్కతో మంచి డేటా కేబుల్, స్మోక్ స్టాపర్, నాలుగైదు జతల రెక్కలు వస్తాయి. స్మోక్ స్టాపర్ ఉంటే ఎక్కడైనా షార్ట్ ఉన్నా మొదటిసారి బ్యాటరీ పెట్టగానే బోర్డు కాలిపోదు.

ఇక ఉద్యోగం సంగతి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పైలట్ సర్టిఫికెట్‌కి పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ తీసుకుంటే చాలు. దాని కోసం ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, నువ్వు ఇప్పుడే ఆ ఫీజు కట్టాల్సిన తొందరా లేదు. ఈసీఈ చదివిన నీకు అసలు బలం బోర్డు లోపల ఏం జరుగుతోందో చెప్పగలగడంలో ఉంది. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చేందుకు కేంద్రం 2023లో నమో డ్రోన్ దీదీ పథకాన్ని ఆమోదించింది. పొలాల మీద మందు కొట్టే ఆ డ్రోన్లు ఆగిపోతే, ఎగిరినప్పుడు నమోదైన లాగ్ ఫైలు చదివి తప్పెక్కడుందో చెప్పేవాళ్లు కావాలి.

అందుకే ఒక నోట్‌బుక్ పెట్టు. ఏ తేదీన ఏం కనిపించింది, దేన్ని అనుమానించావు, ఎలా తేల్చావు అన్నీ రాయి. కేబుల్ సంగతి మొదటి పేజీలో ఉండాలి. ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లకి ఆ నోట్‌బుక్ చూపిస్తే, మార్కుల మెమో కన్నా దాని మీదే ఎక్కువ ప్రశ్నలు వస్తాయని నా నమ్మకం. పక్కనే సీ భాష గట్టిగా నేర్చుకో, లైనక్స్ అలవాటు చేసుకో. థర్డ్ ఇయర్‌లో ఆర్డుపైలట్, అలాంటిదే అయిన పీఎక్స్4 మొదలుపెట్టు. ఆ రెండింటికీ పనికొచ్చే క్యూగ్రౌండ్‌కంట్రోల్ యాప్ మ్యాక్‌లో చక్కగా నడుస్తుంది. సిమ్యులేషన్‌లో ఎగరేస్తే డ్రోన్ కూడా కొనక్కర్లేదు. మిషన్ ప్లానర్ తప్పనిసరి అయిన రోజు కాలేజీ ల్యాబ్‌లో విండోస్ కంప్యూటర్ అడిగి వాడుకో.

నీ డ్రోన్ బరువు 250 గ్రాములు దాటితే అది మైక్రో తరగతిలోకి వస్తుంది. వ్యాపారానికి కాకపోతే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, రిజిస్ట్రేషన్ నిబంధనలు, మీ ఊరు డ్రోన్ల మ్యాప్‌లో ఏ జోన్‌లో ఉందో (ఎగరేయడానికి అనుమతి కావాలో లేదో) చూసుకున్నాకే గాల్లోకి లేపు. మొదటిసారి చెరువు గట్టు మీద మాత్రం వద్దు. నీళ్లలో పడితే బోర్డు దక్కదు. కోత అయిపోయిన చేను చూసుకో.

కేబుల్ మార్చి చూశాక ఆ జాబితాలో కొత్త వరుస వచ్చిందో లేదో నాకు రాయి. రాకపోతే బోర్డు రెండు వైపులా ఫొటో తీసి పంపు.