ఇనిట్_నెట్ పెడితే కంపైల్ అవుతుంది, అయినా పెట్టకండి

లినక్స్ కెర్నల్ 2.6.18 నాటి పాత నెట్‌వర్క్ డ్రైవర్‌ని 3.10కి తెస్తుంటే, పేరు చెబితే నెట్‌వర్క్ డివైస్‌ని వెతికిపెట్టే డెవ్_గెట్_బై_నేమ్ ఇంకో ఆర్గ్యుమెంట్ అడుగుతోంది, ఇనిట్_నెట్ (హోస్ట్ సొంత నెట్‌వర్క్ నేమ్‌స్పేస్) ఇచ్చేయొచ్చా అని ఒకరు అడిగారు. వద్దు. నేను ఇచ్చి రెండు రాత్రులు నిద్ర పోగొట్టుకున్నాను.

అప్పుడు విశాఖ రుషికొండ మీద ఆఫీసు. 2.6.24 నుంచే ఆ ఫంక్షన్‌కి నేమ్‌స్పేస్, అంటే తన డివైస్‌లు తనకే ఉండే విడి నెట్‌వర్క్ లోకం, ఏదో కూడా చెప్పాలి. కంపైలర్ అరిచిన ప్రతిచోటా ఇనిట్_నెట్ అతికించాను. నా బల్ల మీద అంతా పనిచేసింది. అక్కడున్నది ఒకటే నేమ్‌స్పేస్ కదా, పనిచేయక ఏం చేస్తుంది? కస్టమర్ కంటైనర్‌లో, అంటే ఇంకో నేమ్‌స్పేస్‌లో, నడిపాడు. లోపల ఐపీ లింక్ కమాండ్ కొడితే ఈథ్1 కార్డు కళ్లెదుటే ఉంది, డ్రైవర్ మాత్రం అలాంటి డివైస్ లేదంటోంది.

మా సీనియర్ ఒక్క మాట అన్నారు: "ఎంవీపీ కాలనీలో ఇంటి నంబరు చెప్పి సెక్టార్ చెప్పకపోతే ఆటోవాడు ఎక్కడికి తీసుకెళ్తాడు నాన్నా?"

సరే, ప్రోగ్రామ్ ఏ నేమ్‌స్పేస్‌లో ఉందో కరెంట్ (ఆ క్షణాన నడుస్తున్న టాస్క్‌ని చూపే కెర్నల్ పాయింటర్) నుంచే తీసుకుందామని మార్చాను. మళ్లీ అదే ఎర్రర్! రాత్రి పదకొండు దాటాక ఆ లైను ముందు ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో రాసే ఫంక్షన్) పెట్టి కరెంట్ పేరు చూశాను. మా ప్రోగ్రామ్ పేరు లేదు, కేవర్కర్ అని ఉంది. వెతుకులాట జరిగేది వర్క్‌క్యూలో, అంటే పనిని తర్వాత కెర్నల్ సొంత థ్రెడ్ చేసిపెట్టే చోట. ఆ థ్రెడ్ ఉండేది ఇనిట్_నెట్‌లోనే.

అందుకే ఐఆక్టల్ (ప్రోగ్రామ్ డ్రైవర్‌ని నేరుగా అడిగే కాల్) వచ్చిన క్షణంలోనే ఆ నేమ్‌స్పేస్ నెట్ పాయింటర్ పట్టుకుని, గెట్_నెట్‌తో రిఫరెన్స్ తీసుకుని దాచుకోండి. చేతిలో సాకెట్ ఉంటే సాక్_నెట్, డివైస్ ఉంటే డెవ్_నెట్. పని అయ్యాక ఆ రిఫరెన్స్ వదిలేసే పుట్_నెట్ తప్పనిసరి. నేను మొదట అది మర్చిపోయాను. కంటైనర్ తీసేసినా కార్డు హోస్ట్‌కి తిరిగి రాలేదు. నేమ్‌స్పేస్ చచ్చిపోతేనే కదా అసలు కార్డు ఇనిట్_నెట్‌కి వచ్చేది! రీబూట్ చేస్తేగానీ కనిపించలేదు.

బిల్డ్ పాస్ అయితే పోర్టింగ్ అయిపోయిందని లెక్క రాసుకునే మేనేజర్లంటే నాకు ఇప్పటికీ కోపమే. ఐపీ నెట్‌ఎన్‌ఎస్ యాడ్‌తో ఒక నేమ్‌స్పేస్ చేసి, ఈథ్1ని అందులోకి పంపి చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు మాకెవరూ ఇవ్వలేదు.

మీ డ్రైవర్‌లో నెట్‌డివైస్ నోటిఫయర్ (డివైస్‌లలో మార్పులు జరిగితే కెర్నల్ పిలిచే ఫంక్షన్) ఉంటే అదీ చూడండి. అన్ని నేమ్‌స్పేస్‌ల కబుర్లూ దానికి వస్తాయి. పేరు ఒక్కటే పోల్చారంటే పక్క కంటైనర్ ఈథ్1ని పట్టుకుంటారు.