ఈజీఆర్ వాల్వు మార్చేముందు ఒక్కసారి విప్పి చూడండి

ప్రశ్న: నాది 2016 మోడల్ డీజిల్ కారు సార్, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఇంటి నుంచి షాపుకి, షాపు నుంచి ఇంటికి, అంతకు మించి పెద్దగా బయటికి తీయను. నెల రోజులుగా చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. మొన్న విజయవాడ వెళ్తూ మంగళగిరి దగ్గర లారీని దాటుదామని గట్టిగా తొక్కితే పికప్ రాలేదు, వెనక చూస్తే నల్లటి పొగ. స్కాన్ చేసి ఈజీఆర్ వాల్వు అన్నారు. ఒకాయన కొత్తది వేయాల్సిందే అంటున్నాడు, ఇంకొకాయన రేకుముక్క పెట్టి మూసేస్తే మళ్లీ ఈ బాధే ఉండదంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండూ వద్దండీ, కనీసం ఇప్పుడే వద్దు. ముందు కింద చెప్పిన పరీక్షలు చేయించండి, అప్పటికీ అనుమానం వాల్వు మీదే ఉంటే విప్పించి, మీరు దగ్గరుండి చూడండి.

ఈజీఆర్ అంటే ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్. అసలు ఆ వాల్వు చేసే పని చెబుతాను. ఇంజిన్ వదిలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపే చిన్న తలుపు అది. గాలిలో 78 శాతం నైట్రోజనే కదా, మామూలుగా అది దేనితోనూ కలవదు, కానీ సిలిండర్‌లో వేడి మరీ పెరిగితే ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది, అవి ఊపిరితిత్తులకు చెరుపు. ఒకసారి కాలిన పొగలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి దాన్ని కాస్త కలిపితే మంట వేడి తగ్గుతుంది, కట్టెల పొయ్యి మరీ ఎగదన్నితే అమ్మ ఒక కట్టె వెనక్కి లాగినట్టు.

డీజిల్ బండిలో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఈ తలుపు తెరుచుకుంటుంది, పూర్తిగా తొక్కినప్పుడు మూసుకోవాలి. మీ బండిలో అది మూసుకోవడం లేదని నా అనుమానం. తొక్కగానే డీజిల్ ఎక్కువ పడుతుంది, దానికి తగ్గ తాజా గాలి మాత్రం అందదు, ఆ చోటంతా పాత పొగ ఆక్రమించి ఉంటుంది, అందుకే పికప్ చచ్చిపోయి నల్లపొగ వస్తోంది.

ఎందుకు మూసుకోదంటే మసి. ఉత్త మసి అయితే రాలిపోయేది, కానీ ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ పైపు నుంచి వచ్చే ఆయిల్ తుంపర దానికి తోడై తారుముద్దలా అంటుకుపోతుంది. నేను ఆటోనగర్‌లో ఒక వాల్వు విప్పి పాత పేపరు మీద పెట్టించాను, బొటనవేలు పట్టాల్సిన రంధ్రంలో పెన్సిల్ కూడా కష్టంగా దూరింది. ఆ బండీ మీ బండిలాగే, ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే ఆగిపోయే ప్రయాణాలు చేసేదే.

స్కానర్‌లో ఏ కోడ్ వచ్చిందో రాయించుకున్నారా? పీ0401 అంటే పొగ తక్కువగా వెళ్తోందని, పీ0402 అంటే ఎక్కువగా వెళ్తోందని. మీరు చెప్పిన లక్షణాలకు రెండోది నప్పుతుంది. అయితే కోడ్ చూసి వాల్వే పోయిందని తీర్మానించకండి, ఇది నేను డబ్బులు పోసి నేర్చుకున్నాను. నా పాత కారుకి ఒక షెడ్డులో స్కాన్ చేసిన పది నిమిషాల్లో కొత్త వాల్వు వేసేశారు, వారం తిరక్కుండా అదే లైటు మళ్లీ వెలిగింది. చివరికి టర్బో నుంచి వచ్చే గాలి గొట్టానికి క్లిప్పు కింద చీలిక కనిపించింది, చేత్తో వంచితే తప్ప తెలియదు. చాలా డీజిల్ బండ్లలో కంప్యూటర్ లోపలికి వచ్చే గాలిని కొలిచి, దాన్నిబట్టి పొగ ఎంత వెళ్తోందో లెక్కకడుతుంది, కాబట్టి గాలి గొట్టం చీలినా, గాలిని కొలిచే సెన్సార్‌కి దుమ్ము పట్టినా నేరం వాల్వు మీదకే వస్తుంది. అందుకే ఆ గొట్టాలు, సెన్సార్, ఎయిర్ ఫిల్టర్ ముందు చూడమనండి. స్కానర్ పెట్టి ఇంజిన్ నడుస్తుండగా, కంప్యూటర్ ఎంత తెరవమంటోంది, వాల్వు ఎంత తెరుచుకుంటోంది అని రెండు అంకెలు పక్కపక్కన చూడమనండి. తేడా ఉంటే అప్పుడు విప్పండి.

శుభ్రం చేసేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలి. క్లీనర్ స్ప్రే కొట్టి నానబెట్టి మెత్తటి బ్రష్‌తో రుద్దాలి, స్క్రూడ్రైవర్‌తో గీకితే వాల్వు కూర్చునే అంచు పాడై ఇక ఎప్పటికీ సరిగ్గా మూసుకోదు. వాల్వుని తెరిచి మూసే మోటారు ఉన్న వైపు స్ప్రే తగలనివ్వకూడదు. బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ (లీకు కాకుండా మధ్యలో వేసే పలుచటి పొర) తప్పనిసరి. కొన్ని బండ్లలో తర్వాత వాల్వు ఎక్కడిదాకా తెరుచుకుంటుందో, ఎక్కడ మూసుకుంటుందో స్కానర్‌తో కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించాలి, అది చేయకపోతే పని సగమే అయినట్టు. మోటారే కాలిపోతేనో, శుభ్రం చేశాక కూడా ఇరుక్కుంటుంటేనో కొత్తది వేయించండి.

రేకుముక్క సంగతి. దయచేసి వద్దు. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చేస్తుంది కదా అని చెబుతారు, నిజమే, అక్కడ డీజిల్ బండికి పొగ ఎంత చిక్కగా ఉందో మాత్రమే చూస్తారు, కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు. ఆ గాలి పీల్చేది మాత్రం మన వెనక స్కూటీ మీద వచ్చే పిల్లలే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కఠినమైన కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో అయితే కంప్యూటర్ దాన్ని పసిగట్టి లైటు వెలిగిస్తుంది, కొన్నిటిలో ఇంజిన్ బలం కూడా తగ్గించేస్తుంది.

బాగయ్యాక వారానికోసారి చిలకలూరిపేట వైపు హైవే ఎక్కి అరగంట నడపండి, ఇంజిన్ బాగా వేడెక్కాలి. గట్టిపడిన మసి దీనితో పోదు, కొత్తది పేరుకోవడం తగ్గుతుంది.

ప్రశ్న: డీజిల్ కారులో రెండు వారాలకోసారి కూలెంట్ తగ్గుతోంది. కింద చుక్క కూడా కారడం లేదు, రేడియేటర్ బాగుందన్నారు. ఎటు పోతోంది?
- ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, ఈజీఆర్ కూలర్ మీద అనుమానపడండి. వేడిపొగ ఇంజిన్‌లోకి వెళ్లేముందు చల్లబడటానికి ఒక చిన్న పెట్టె ఉంటుంది, దానిలో కూలెంట్ తిరుగుతుంది. లోపల పగులు వస్తే కూలెంట్ నేల మీద పడదు, పొగతో కలిసిపోతుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వచ్చే తెల్లపొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోయినా, అందులో తీపి వాసన ఉన్నా మెకానిక్‌కి చెప్పండి. ఇంజిన్ పైభాగం కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయినా ఇవే లక్షణాలు కాబట్టి, కూలెంట్ దారిలో ఒత్తిడి పెట్టి లీకు చూసే ప్రెషర్ టెస్ట్ చేయించి తేల్చుకోవాలి. అంతవరకు దూరం వెళ్లకండి, టెంపరేచర్ ముల్లు పైకి పోతే బండి పక్కన ఆపేయండి. వేడిగా ఉన్నప్పుడు కూలెంట్ మూత అస్సలు తిప్పకండి, మొహం మీదకి ఎగజిమ్ముతుంది.

ప్రశ్న: మాది పెట్రోల్ కారు. మెకానిక్ ఎంత వెతికినా ఈజీఆర్ వాల్వు కనిపించలేదు, ఎవరైనా తీసేశారా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తీసేసి ఉండరు. చాలా పెట్రోల్ ఇంజిన్లలో విడిగా ఈ వాల్వు ఉండదు, ఇంజిన్ వాల్వులు తెరుచుకుని మూసుకునే సమయాన్నే అటూఇటూ జరిపి కొంత పొగను సిలిండర్‌లోనే ఉంచుతారు. చెక్ ఇంజిన్ లైటు వెలగకుండా, ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నడక) నిలకడగా ఉంటే మీ కారుకి ఏమీ కాలేదు.