సెషన్లు తెరవబడతాయా, తెరుచుకుంటాయా?

సందేహం: మా ఆఫీసులో కొత్తగా చేరేవాళ్ల కోసం తెలుగులో చిన్న గైడ్ రాస్తున్నానండి. పొద్దున్నే లైనక్స్ డెస్క్‌టాప్‌లోకి వెళ్లేసరికి మా రెండు సర్వర్లకీ ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) టెర్మినళ్లు, అంటే కమాండ్లు కొట్టే కిటికీలు, సిద్ధంగా ఉండేలా ఎలా పెట్టుకోవాలో అందులో చెప్పాలి. ‘డెస్క్‌టాప్‌లోకి లాగిన్ అయి రెండు సర్వర్ల సెషన్లు స్వయంచాలకంగా తెరవబడతాయి, అప్పుడు పాస్‌వర్డ్ అడగబడుతుంది’ అని రాశాను. మా ఫ్రెండ్ చదివి ఇది తెలుగులా లేదన్నాడు, తప్పెక్కడో మాత్రం చెప్పలేకపోయాడు. నిజంగా తప్పుందా?

సమాధానం: ‘తెరవబడతాయి’ అనేది వ్యాకరణం ఒప్పుకోని రూపమేమీ కాదండి, క్రియకి ‘పడు’ చేర్చే ఈ కర్మణి ప్రయోగం పాత కావ్యాల్లోనూ ఉంది, ‘ఎన్నుకోబడిన సభ్యులు’ లాంటివి ఇప్పటికీ రాస్తూనే ఉన్నాం. కాకపోతే మాట్లాడేటప్పుడు దీని జోలికి పోం, పోవాల్సిన అవసరమే మనకి లేదు. ఎందుకంటే ఒకరు చేసే పనికో క్రియ, అదే జరిగే పనికో క్రియ మన దగ్గర జంటగా ఉన్నాయి: ఆపు–ఆగు, తెంచు–తెగు, ముంచు–మునుగు, కాల్చు–కాలు. జంట లేనిచోట చాలాసార్లు ‘కొను’ ఆ పని చేస్తుంది, తలుపు తెరుచుకుంది, దారి మూసుకుపోయింది అంటాం కదా. ఇంగ్లీషు నుంచి వచ్చినవాటికైతే ఇంకా తేలిక, మనిషి ఓపెన్ చేస్తాడు, కిటికీ ఓపెన్ అవుతుంది. ‘ఓపెన్ చేయబడుతుంది’ అంటే ముందు ‘చేయు’ తగిలించి, మళ్లీ దాన్ని తీసేయడానికి ‘పడు’ తగిలించడం, అంత తిప్పలు ఎందుకు, ‘ఓపెన్ అవుతుంది’ చాలు.

ఇక ‘స్వయంచాలకంగా’ బదులు ‘ఆటోమేటిగ్గా’ అన్నా నాకు అభ్యంతరం లేదు, ‘వాటంతటవే’ అంటే ఇంకా ఇష్టం. ‘తమంతట తామే’ అని మాత్రం రాయకండి, అది మనుషులకి చెప్పుకునే మాట.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ‘పాస్‌వర్డ్ అడగబడుతుంది’ అన్న చోటు. ఎవరు అడుగుతున్నారు? ఎస్ఎస్‌హెచ్‌లో ఈ ప్రశ్నకి రెండు వేరు వేరు జవాబులున్నాయి. మీవాళ్లు కీ (పాస్‌వర్డ్ బదులు గుర్తింపుగా పనిచేసే ఫైలు) వాడుతూ దానికి పాస్‌ఫ్రేజ్ (ఆ ఫైలుకి వేసుకునే తాళం మాట) పెట్టుకుని ఉంటే, ఆ కీ ఫైలుని విప్పడానికి మీ కంప్యూటర్‌లోని ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామే పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, అది సర్వర్ దాకా వెళ్లదు. కీ వాడకపోతే సర్వర్‌లో ఉన్న అకౌంట్ పాస్‌వర్డ్ కావాలి, దాన్ని సరిచూసేది సర్వర్. మీ వాక్యం ఈ రెండిటినీ కలిపేసింది, కొత్తగా చేరిన పిల్లాడు పాస్‌ఫ్రేజ్ అడిగిన చోట సర్వర్ పాస్‌వర్డ్ కొట్టుకుంటూ కూర్చుంటాడు, కాదన్నకొద్దీ మళ్లీ కొడతాడు. కర్త ఎవరో చెప్పేస్తే ఈ చిక్కే రాదు: ‘మీ కంప్యూటర్ కీ పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది’. విప్పిన కీని గుర్తుపెట్టుకునే ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్ అనే ప్రోగ్రామ్‌కి ఆ కీ ముందే అందితే అదీ అడగదు.

‘లాగిన్ అయి’ దగ్గర కూడా ఒక మెలిక ఉంది. క్త్వార్థకానికీ (‘వెళ్లి’, ‘అయి’ లాంటి రూపం) చివరి క్రియకీ మామూలుగా కర్త ఒకరే ఉండాలి, ‘నేను ఇంటికెళ్లి అన్నం తిన్నాను’ అన్నట్టు. ‘వానలు కురిసి చెరువులు నిండాయి’లో కర్తలు వేరే కదా అని అడుగుతారేమో, అక్కడ మొదటిది రెండోదానికి కారణం, పైగా రెండూ మనిషి చేతిలో లేనివి, అందుకే చెవికి ఎబ్బెట్టుగా లేదు. మీ వాక్యంలో లాగిన్ అయ్యేది మనిషి, తెరుచుకునేది సెషన్. ‘లాగిన్ అవగానే’ అనండి, అతుకుతుంది.

అయితే ఆ ‘గానే’ని కూడా ఒకసారి చూసుకోవాలి, అది ‘వెంటనే’ అని మాటిస్తుంది. గ్నోమ్ లాంటి డెస్క్‌టాప్‌లో, హోమ్ ఫోల్డర్లోని డాట్ కాన్ఫిగ్ లోపల ఆటోస్టార్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో పెట్టిన డాట్ డెస్క్‌టాప్ ఫైళ్లని డెస్క్‌టాప్ లాగిన్ టైమ్‌లో చదివి ఎగ్జెక్ లైన్లో ఉన్న కమాండ్‌ని నడుపుతుంది. అప్పటికి వైఫై ఇంకా కలవకపోతే సర్వర్ దొరకదు, ఎస్ఎస్‌హెచ్ ఎర్రర్ చెప్పి ఆగిపోతుంది, గ్నోమ్ టెర్మినల్ మామూలు సెట్టింగ్‌లో దాంతోపాటే కిటికీ కూడా మూసుకుపోతుంది, చదివేవాడికి ఏం జరిగిందో కూడా తెలీదు. కాబట్టి కమాండ్‌కి ముందు నెట్‌వర్క్ కోసం ఆగే చిన్న స్క్రిప్ట్ పెట్టి, గైడ్‌లో ‘నెట్‌వర్క్ కలిశాక’ అని రాయండి, అప్పుడు మాటా నిజమవుతుంది.

ముందుముందు ‘కనెక్షన్ తెంచబడింది’ అని కూడా రాస్తారేమో, దాన్నీ విడగొట్టండి. వైఫై పోతే కనెక్షన్ తెగిపోయింది. ఎక్కువసేపు ఏమీ టైప్ చేయలేదని సర్వరే తీసేస్తే, సర్వర్ కట్ చేసింది. మొదటిదానికి మీవాళ్లు తమ నెట్ చూసుకోవాలి, రెండోదానికి మిమ్మల్ని అడగాలి.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘మీరు లాగిన్ అయ్యాక, నెట్‌వర్క్ కలిశాక రెండు సర్వర్ల టెర్మినళ్లూ వాటంతటవే తెరుచుకుంటాయి. కీకి పాస్‌ఫ్రేజ్ పెట్టుకుని ఉంటే మీ కంప్యూటర్ దాన్ని అడుగుతుంది, సర్వర్ పాస్‌వర్డ్ అక్కడ కొట్టకండి.’