నాయనమ్మ పుస్తకం మొదలుపెట్టే ముందు

అమ్ములూ,

నాయనమ్మ సంవత్సరీకానికి పుస్తకం వేయిస్తున్నావని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోటోలన్నీ కవర్లో పెట్టి ప్రెస్సు వాళ్ళకి ఇచ్చేస్తానన్నావట! అందుకే పొద్దున్నే కాగితం తీశాను.

ఒక్క ఫోటో కూడా ఎవరి చేతికీ ఇవ్వకు. ఎంత తెలిసినవాళ్ళైనా సరే. పక్కన కూర్చుని స్కాన్ చేయించుకో, వెంటనే ఇంటికి తెచ్చేసుకో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలో మా సింగ్ నగర్ మీద పడ్డప్పుడు నా పెళ్ళి ఆల్బమ్ బీరువా కింది అరలో ఉంది. నీళ్ళు తగ్గాక తీస్తే ఆకుకి ఆకు అతుక్కుపోయింది. విడదీస్తుంటే మొహాలు ఊడి పక్క పేజీకి అంటుకున్నాయి. అప్పగింతలప్పుడు మీ నాయనమ్మ ఏడుస్తున్న ఫోటో అందులోనే పోయింది. మా గుంటూరు బ్రాడీపేటకి వరద రాదు కదా అత్తా అంటావు. చెదలు వస్తాయి.

పెద్దవాళ్ళని కలవాలని నీకు నేను చెప్పక్కర్లేదు. తెనాలి అమ్మమ్మ దగ్గరికి మాత్రం ముందు వెళ్ళు, ఆవిడకి వినికిడి తగ్గుతోంది.

ఇక నా తప్పు చెబుతాను. మీ నాన్న ఇంజనీరింగులో చేరేటప్పుడు ఫీజుకని మా అమ్మ తన నానుతాడు అమ్మేసి, సూత్రాలు పసుపుతాడుకి గుచ్చుకుంది. ఆ వారమే, కొడుకు ఊరెళ్ళిపోతున్నాడని, తల్లీకొడుకులిద్దరూ కలిసి ఫోటో దిగారు. అమ్మ వయసులో ఉన్నప్పటి మంచి ఫోటో అదొక్కటే. 1988లో మీ తాతయ్య షష్టిపూర్తికి దాన్ని పెద్దది చేయించి హాల్లో పెడదామని నాకు సరదా పుట్టింది. స్టూడియో అతను రంగులు వేసిస్తానన్నాడు. మెడ బోసిగా ఉంది, నానుతాడు వేయండి అన్నాను. బావి గిలక ఊడి తగిలిన మచ్చ కనుబొమ్మ మీద ఉండేది, అదీ తీసెయ్యమన్నాను. చక్కగా చేశాడు. సినిమా హీరోయిన్‌లా ఉంది.

అమ్మ ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. నేను మెచ్చుకుంటుందని చూస్తున్నాను. చివరికి, "అయితే కాలేజీవాళ్ళు ఫీజు తిరిగిచ్చేశారన్నమాట" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అసలు ఫోటో కోసం వెళితే అట్ట మీంచి తీస్తుంటే చిరిగిపోయిందన్నాడు. పోట్లాడాల్సింది. పోట్లాడలేదు.

నువ్వు రాసిన మొదటి పేజీ మీ నాన్న చదివి వినిపించాడు. "ఎన్నడూ కోపమెరుగని శాంతమూర్తి" అట. ఎవరే ఆవిడ? కారం పట్టించడానికి వెళితే మిల్లు ఆగేదాకా కదలకుండా, డబ్బా అడుగున మిగిలిన గుప్పెడు కూడా దులిపించుకొచ్చే మనిషి మా అమ్మ. పెళ్ళయ్యాక ఉద్యోగం మానేస్తానంటే ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. అన్ని నెలలూ మీ నాన్న చేత కారం, గోంగూర పచ్చడి మాత్రం పంపిస్తూనే ఉంది, సీసా ఖాళీ అయిందో లేదో కూడా అడక్కుండా. నేను ఉద్యోగం మానలేదు. ఇప్పుడు తింటున్న పెన్షన్ ఆ కోపం పుణ్యమే. అది రాయి. తిట్టానని చిన్నబుచ్చుకోకు తల్లీ, ఇంటి మొత్తానికి ఈ పని తలపెట్టింది నువ్వొక్కదానివే.

ఇంకొక్క పని ఉంది. ఆ మచ్చ ఎడమ కనుబొమ్మ మీదా, కుడి దాని మీదా అని నాకూ మీ నాన్నకీ నిన్న ఫోన్లో గంట వాదన. ఆయన కుడి అంటాడు, నేను ఎడమ అంటాను. ఫోన్లలో ఉన్న ఫోటోలు చూస్తే అప్పటికే ముడతల్లో కలిసిపోయింది. చిన్నప్పుడు నువ్వు నాయనమ్మ పక్కనే పడుకునేదానివి, ఆ మచ్చ మీద వేలు పెట్టి రాస్తూ నిద్రపోయేదానివి. గోడ వైపు పడుకునేదానివా, ఇవతలి వైపా? ఒకసారి కళ్ళు మూసుకుని చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త