అటక మీద నుంచి దిగిన నాలుగు గోతాలు

ప్రశ్న: మా అత్తగారు పోయాక పాత ఇల్లు అమ్మేస్తున్నాం. అటక మీద నుంచి నాలుగు గోతాల సామాను దిగింది. ఇత్తడి, కంచు గిన్నెలు, పాతిక గ్రామఫోన్ రికార్డులు, ఒక తాటాకుల కట్ట, ట్రంకుపెట్టె నిండా కాగితాలు. పాత సామాన్లవాడు అన్నీ కలిపి ఒక రేటు చెప్పాడు. మావారు ఇచ్చేద్దామంటున్నారు. అమెరికాలో ఉన్న మా అమ్మాయి తాటాకులు తనకు పంపమంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు అతన్ని వారం ఆగి రమ్మనండమ్మా. అతను మోసగాడని కాదు, కరిగించడానికి కొనేవాడికి తూకంతోనే పని.

గిన్నెలకు ఒక అయస్కాంతం ముక్క పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. అంటుకోనివాటిని వేళ్ల కొసల మీద నిలబెట్టి గోటితో కొట్టండి. కంచు ఖంగుమని చాలాసేపు మోగుతుంది, ఇత్తడి తొందరగా ఆగిపోతుంది. కంచులో తగరం కలుస్తుంది, అది ఇత్తడిలో కలిసే జింకు కంటే ఖరీదు. అన్నీ కలిపి ఒకే రేటు అంటే నష్టపోయేది మీరే. తెల్లగా మెరిసేవి కనిపిస్తే మాత్రం వెండి అని సంబరపడకండి. జర్మన్ సిల్వర్‌లో రాగి, నికెల్, జింకే తప్ప వెండి రవ్వంత కూడా ఉండదు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్లో అలాంటి గ్లాసొకటి వెండి ధర పెట్టి కొని, ఇంట్లో ఇప్పటికీ మాటలు పడుతున్నాను.

అదే బజార్లో ఒక మరచెంబు దొరికింది. చింతపండుతో తోముతుంటే మెడ కింద చుక్కలు చుక్కలుగా ఒక ఆడపిల్ల పేరు, 1938 అని తేలాయి. పెళ్లి సామాను అయ్యుంటుంది. మీ గిన్నెల అంచుల కింద కూడా వేలితో తడిమి చూడండి.

రికార్డుల మీద 78 అని (నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతుందని) ఉంటే అవి లక్కతో చేసినవి. చేయిజారితే పింగాణీ పళ్లెంలా పగులుతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టి ఉంచండి.

తాటాకుల విషయంలో అమ్మాయికి వద్దని చెప్పక తప్పదు. 1972 నాటి చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతి పురావస్తువు కిందే లెక్క. దాన్ని మనంతట మనం విదేశాలకు పంపడం నేరం. తడిగుడ్డతో తుడవకండి, గంటంతో, అంటే తాటాకుల మీద రాసే ఇనుప ములుకుతో, గీసిన గీతల్లో నింపిన మసి పోతుంది. తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయంవారి ప్రాచ్య పరిశోధన సంస్థలో చూపించండి. ఫొటోలు తీసి అమ్మాయికి పంపితే సరి.

ఇక కాగితాలు. నన్నడిగితే ఆ నాలుగు గోతాల కంటే ఈ పెట్టె ఎక్కువ. పాత పంచాంగాల అంచుల్లో పిల్లలు పుట్టిన వేళలు రాసుకునేవారు. ఉత్తరాల కవర్ల మీది స్టాంపులు పీకకండి, పోస్టాఫీసు ముద్రతో కవరు మొత్తంగా ఉంటేనే సేకరించేవాళ్లు ఎక్కువ ఇస్తారు. మా నాన్న పోయాక ఇలాంటి పెట్టెనే నేను కిలోల లెక్కన వేసేశాను. పది రోజుల తర్వాత వీధి చివర బడ్డీలో బఠాణీల పొట్లం విప్పితే మా తాతగారి చేతిరాత, వడ్ల లెక్క. బడ్డీ అతన్ని బతిమాలితే ఇంకో ఆరు కాగితాలు వెతికిచ్చాడు. అంతే మిగిలాయి.

ఆ పెట్టె ముందు మీవారిని కూర్చోబెట్టండి. వాళ్లమ్మ చేతిరాత ఆయన కంటే బాగా ఎవరు గుర్తుపడతారు?